సగం ఎవరు? మేరీ ఒరావ్, తాయో కథలు చదివాక

బడిలో ప్రవేశాల రిజిస్టరు రాసేటప్పుడు రెండు గళ్ల దగ్గర మా చెయ్యి ఆగుతుంది. ఒకటి పుట్టిన తేదీ, రెండోది కులం. పుట్టిన తేదీని ఏ పండుగ ముందో, ఏ వరద ఏడాదో తల్లి చేత గుర్తు చేయించి రాస్తాం. రెండో గడి దగ్గరికి వచ్చేసరికి కొందరు తల్లులు నేలచూపులు చూస్తారు. "మాది కోయ సార్. పిల్ల నాయన కింది ఊళ్ల నుంచి మిరపతోట కౌలుకు వచ్చినోడు. ఇప్పుడు లేడు" అంటారు. లేడంటే చనిపోయాడని కాదు. పంట అమ్ముకుని వెళ్లిపోయాడని.

అట్లాంటి ఒక పాపను మా బడిలో పిల్లలు 'సగం' అని పిలిచేవాళ్లు. ఆటలో జట్లు పంచుకునేటప్పుడు ఆ పాప చివరిదాకా మిగిలిపోయేది. మేం కోప్పడితే ఒక పిల్లవాడు, "మా తాత చెప్పాడు సార్, వాళ్లకు గట్టు లేదంట" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. తప్పు, అట్లా అనకూడదు అని గదమాయించడం జవాబు కాదు. ఎందుకు తప్పో చెప్పగలగాలి. మా టీటీసీ చదువులో పిల్లల మనస్తత్వం ఉంది, బోధన పద్ధతులు ఉన్నాయి. ఈ ప్రశ్న మాత్రం లేదు.

ఆ వేసవి సెలవుల్లో మేం నలుగురు టీచర్లం కూర్చుని రెండు రచనలు చదివాం. ఒకటి మహాశ్వేతాదేవి బెంగాలీలో రాసిన 'శికార్' కథ. దీన్ని గాయత్రీ చక్రవర్తి స్పివాక్ ఇంగ్లీషులోకి అనువదించారు. 1995లో వచ్చిన 'ఇమాజినరీ మ్యాప్స్' అనే పుస్తకంలో ఇదే మొదటి కథ. రెండోది అమెరికాలోని న్యూమెక్సికోలో లగూనా ప్యూబ్లో అనే ఆదివాసీ సమాజంలో పెరిగిన రచయిత్రి లెస్లీ మార్మన్ సిల్కో నవల 'సెరిమనీ'. అది 1977లో అచ్చయింది. పేరుకు అర్థం క్రతువు, మన మాటల్లో కొలుపు అనుకోవచ్చు. రెంటినీ ఇంగ్లీషులోనే, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒకరు చదువుతుంటే మిగతావాళ్లం అర్థం చెప్పుకుంటూ రోజుకు పది పేజీల లెక్కన చదివాం. రెంటిలోనూ ముఖ్యపాత్రకు తల్లి ఆదివాసీ, తండ్రి తెల్లవాడు. రెంటిలోనూ తండ్రి వెళ్లిపోయాడు. బిడ్డ మిగిలాడు.

ఇట్లాంటి రచనలను వలసానంతర విమర్శ అనే దృష్టితో చదువుతారు. పేరు పెద్దదే గానీ విషయం మనకు తెలిసిందే. దొరలు వెళ్లిపోయారు. వాళ్లు పాతిన సర్వే రాళ్లు, గీసిన అడవి హద్దులు, రికార్డుల్లో గళ్లు మిగిలాయి. మనుషులను కొలిచే కొలతలు కూడా మిగిలాయి. కథ చదివేటప్పుడు ఆ కొలత ఎవరు తెచ్చారు, దానివల్ల ఎవరికి లాభం, ఆ కొలత కింద పడ్డ మనిషి ఏమయ్యాడు అని అడగడమే ఆ దృష్టి. మేం ఆ మూడు ప్రశ్నలు పట్టుకునే చదివాం.

మేరీకి కట్టుబాటు లేదు

'శికార్' కథ ఇప్పటి జార్ఖండ్ అడవుల్లో, ఒరావ్‌లు ఉండే కురుడా అనే ఊళ్లో జరుగుతుంది. దగ్గర్లో తోహ్రి స్టేషను, అక్కడ సంత. ఒరావ్‌ల భాష కుడుఖ్. మన కోయ, గోండి, కువి లాగే అదీ ద్రావిడ కుటుంబపు భాషే. అంత దూరంలో ఉన్నా వాళ్లు మనకు భాష వరుసన చుట్టాలే.

డిక్సన్ అనే తెల్లదొర అక్కడ బంగళా కట్టాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆస్తి అమ్ముకోవడానికి వచ్చిన అతని కొడుకు, బంగళాలో పనిచేసే భిక్నీ అనే ఒరావ్ స్త్రీ కడుపున బిడ్డను వదిలి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. ఆ బిడ్డే మేరీ. ఆస్తి కొన్న ప్రసాద్ ఇంట్లో తల్లీకూతుళ్లు పని చేస్తారు. మేరీ పశువులు కాస్తుంది. ప్రసాద్ తోటలో కాసినవి తోహ్రి సంతకు తీసుకుపోయి అమ్ముతుంది. బేరంలో ఎవరికీ లొంగదు. వెంట ఎప్పుడూ కత్తి ఉంటుంది. జాలిం అనే ముస్లిం యువకుడిని పెళ్లాడాలని ఇద్దరూ కలిసి రూపాయి రూపాయి కూడబెడుతున్నారు.

ఇక్కడ మహాశ్వేతాదేవి చూపించిన ఒక సంగతి మమ్మల్ని చాలాసేపు ఆపింది. ఒరావ్ పిల్ల ఎవరైనా బయటివాడిని పెళ్లాడతానంటే ఊరు ఊరుకోదు. పెద్దలు కూర్చుంటారు, అడ్డు చెబుతారు. మేరీని మాత్రం ఎవరూ ఏమీ అనరు. పెద్దల మంచితనం ఇందుకు కారణం కాదు, మేరీ తమ పిల్ల అని వాళ్లు అనుకోకపోవడమే కారణం. తెల్లవాడి రక్తం కాబట్టి ఒరావ్ కట్టుబాటు ఆమెకు వర్తించదు. ఊరు అడ్డు చెప్పి ఉంటే మేరీ తప్పకుండా ఎదురు తిరిగేది. అడ్డు చెప్పనందుకు మాత్రం లోలోపల బాధపడుతుంది.

మామూలుగా మనం స్వేచ్ఛ అంటే కట్టుబాటు లేకపోవడం అనుకుంటాం. బయటివాళ్లు రాసే కథల్లో ఆదివాసీ పిల్ల ఊరి కట్టుబాటును తెంచుకుంటే అదే విముక్తిగా చూపిస్తారు. ఇక్కడ తెంచుకోవడానికి మేరీకి కట్టుబాటే లేదు. కట్టుబాటు అంటే ఆంక్ష ఒక్కటే కాదు. 'నువ్వు తప్పు చేస్తే మాకు పరువు తక్కువ' అనే మాటలో 'నువ్వు మా మనిషివి' అనే మాట కూడా దాగి ఉంటుంది. మా బడి పాపను ఆటలో ఎవరూ కొట్టరు, తిట్టరు. జట్టులోకి పిలవరంతే. ఆ పిలవకపోవడం ఎట్లాంటి గాయమో మేరీని చదివాకే మాకు సరిగ్గా అర్థమైంది.

ఇక ఊరికి ఒక కంట్రాక్టరు వస్తాడు. పేరు తహసీల్దార్ సింగ్. అది అతని పేరే, ఉద్యోగం కాదు. ఆ పేరు చదవగానే మా నలుగురికీ నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. అక్కడి సాల చెట్లను తక్కువ ధరకు కొంటాడు. ఆ చెట్లను అక్కడి మనుషుల చేతనే తక్కువ కూలికి కొట్టిస్తాడు. మేరీ వెంట పడతాడు. డిక్సన్ కొడుకు బిడ్డను వదిలి వెళ్లాడు. ఇప్పుడు దొరలు లేరు. వాళ్లు వెళ్లిన దారిలోనే ఈ దేశపు మనిషి వచ్చాడు. చెట్టును చూసిన కళ్లతోనే మేరీనీ చూశాడు. వలస పాలన తెల్లవాళ్లతో పోలేదని ఈ కథ ఒక్క ఉపన్యాసం కూడా లేకుండా చెప్పింది.

ఒరావ్‌లలో జానీ పరబ్ అని ఒక పండుగ ఉంది. పన్నెండేళ్లకు ఒకసారి ఆడవాళ్లే విల్లంబులు, కత్తులు పట్టుకుని వేటకు పోతారు. పూర్వం రోహ్తాస్‌గఢ్ కోట మీదికి శత్రువులు వచ్చినప్పుడు ఒరావ్ స్త్రీలు మగవేషం కట్టి పోరాడారని, దానికి గుర్తుగానే ఈ వేట అని వాళ్లు చెప్పుకుంటారు. మన భూమి పండుగకు మగవాళ్లు వేటకు పోవడం, ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్లు ఆటపట్టించడం మనకు తెలుసు. అక్కడ ఆ ఏడు వేట ఆడవాళ్లది. ఆ రోజు మేరీ, తహసీల్దార్ సింగ్‌ను అడవిలోకి రమ్మంటుంది. కత్తితో చంపి లోయలోకి తోసేస్తుంది. తిరిగి వచ్చి ఆడవాళ్లందరితో కలిసి తాగి, పాడి, ఆడుతుంది. రాత్రికి రైలు పట్టాల వెంట నడిచి జాలిం దగ్గరికి బయలుదేరుతుంది.

రక్తానికి లెక్క

మేరీని పక్కన పెట్టింది ఊరి పెద్దలు. 'సెరిమనీ' నవలలో ఆ పని ఇల్లు చేస్తుంది. ఆ ఇంటి వెనక ఒక పెద్ద ప్రభుత్వం ఉంది. అందుకే నవలలోకి పోయే ముందు అమెరికా ప్రభుత్వం రక్తాన్ని ఎట్లా లెక్కగట్టిందో తెలుసుకోవాలి.

1887లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ఉమ్మడిగా ఉన్న ఆదివాసీ భూములను ముక్కలు చేసి మనిషికింత అని పంచారు. పంచగా మిగిలిందంటూ చాలా భూమిని తెల్లవాళ్లకు ఇచ్చారు. ఆ చట్టం వచ్చేనాటికి ఆదివాసుల చేతిలో 13.8 కోట్ల ఎకరాలు ఉండేది. 1934 నాటికి 4.8 కోట్ల ఎకరాలు మిగిలింది. ఆ మధ్యలో రక్తం లెక్క కూడా నడిచింది. ఓక్లహోమా ప్రాంతంలో ఎవరిది పూర్తి రక్తం, ఎవరిది సగం, ఎవరిది పావు అని జాబితాలు రాశారు. 1908లో వచ్చిన చట్టం, సగం కంటే తక్కువ ఆదివాసీ రక్తం ఉన్నవాళ్ల భూమి మీద అమ్మకపు నిషేధం ఎత్తేసింది. అంటే రికార్డులో భిన్నం తగ్గితే భూమికి రక్షణ పోయింది. 1934 చట్టం కూడా, ఇతర అర్హతలు లేనివాళ్లకు సగం లేదా అంతకు ఎక్కువ రక్తం ఉంటేనే ఆదివాసీ అని చెప్పింది.

అదే దేశంలో నల్లవాళ్లకు లెక్క తిరగబడింది. వర్జీనియాలో 1662లో చేసిన చట్టం ప్రకారం బానిస తల్లికి పుట్టిన బిడ్డ బానిసే, తండ్రి తెల్ల యజమాని అయినా సరే. తర్వాత ఒక్క చుక్క నల్ల రక్తం ఉన్నా నల్లవాడే అన్నారు. కారణం కనిపెట్టడం కష్టం కాదు. నల్లవాళ్ల దగ్గర వాళ్లకు కావలసింది శ్రమ, అందుకే వాళ్ల సంఖ్య పెరిగేట్టు లెక్క కట్టారు. ఆదివాసుల దగ్గర కావలసింది భూమి, అందుకే సంఖ్య తరిగేట్టు లెక్క కట్టారు. ఐదో తరగతి పిల్లలకు మేం భిన్నాలు చెబుతాం. ఈ చరిత్ర చదివాక ఒక భిన్నం ఒక జాతి నేలను ఎట్లా తినేసిందో చూసి భయం వేసింది. 'సగం' అనే మాట మా పిల్లల నోటికి ఊరికే వచ్చింది కాదు. ఆ మాటకు ఇంత చరిత్ర ఉంది.

తాయో, మచ్చల ఆవులు

తాయో లగూనా తల్లికి, ఎవరో తెలియని తెల్లతండ్రికి పుట్టినవాడు. నాలుగేళ్ల వయసులో తల్లి అతన్ని పుట్టింట్లో వదిలిపోయింది. పెద్దమ్మ పెంచింది. తిండి పెట్టింది, బట్ట ఇచ్చింది. కానీ తన కొడుకు రాకీ వేరు, తాయో వేరు అనే సంగతి ప్రతిరోజూ అతనికి తెలిసేట్టే పెంచింది. చెల్లెలు తెచ్చిన సిగ్గును మోస్తున్నానని ఊరికి చూపించుకోవడానికి కూడా ఆమెకు తాయో అవసరం. ఇట్లాంటి పెద్దమ్మలను మనం చూడలేదా?

రెండో ప్రపంచ యుద్ధంలో రాకీ, తాయో ఇద్దరూ సైన్యంలో చేరారు. ఫిలిప్పీన్స్‌లో జపాన్ సైన్యానికి బందీలుగా చిక్కారు. రాకీ అక్కడే చనిపోయాడు. ఆగని వానలో అతన్ని మోసుకుపోతున్నప్పుడు తాయో ఆ వానను శపించాడు. తిరిగి వచ్చేసరికి సొంత నేల కరువుతో ఎండిపోయి ఉంది. వాన రాకపోవడానికి తన శాపమే కారణమని తాయో నమ్మాడు. సైనిక ఆసుపత్రి డాక్టర్లు అతని ఆలోచనలన్నీ తన ఒక్కడి చుట్టూ తిరగాలని నేర్పబోయారు. తాయో జబ్బు అట్లా తగ్గేది కాదు. అది నేలతో, వానతో, చనిపోయినవాళ్లతో ముడిపడిన జబ్బు.

ఊరి వైద్యుడు పాత పద్ధతిలో చేసిన క్రతువు కొంతే పనిచేసింది. అప్పుడు గాలప్ పట్నం పక్క కొండ మీద ఉండే బెటోనీ అనే నవాహో వైద్యుడి దగ్గరికి పంపారు. బెటోనీదీ కలిసిన రక్తమే. అతని అవ్వ మెక్సికన్. అతని ఇంట్లో మూలికల పక్కన పాత క్యాలెండర్లు, టెలిఫోను పుస్తకాలు పేర్చి ఉంటాయి. లోకం మారినప్పుడు క్రతువు కూడా మారాలని, మారనిది ఎండిపోతుందని అతను నమ్ముతాడు. తాయోను బాగుచేయగలిగింది అందరూ అనుమానంగా చూసే ఈ కలిసిన మనిషే.

తాయో మేనమామ జోసయ్య ఒక కల కన్నాడు. మెక్సికో నుంచి తెచ్చిన మచ్చల ఆవులను స్థానిక పశువులతో కలిపి, కరువును తట్టుకునే మందను తయారు చేయాలని. ఆ ఆవులు తప్పిపోయాయి. తాయో వెతుక్కుంటూ పోతే అవి ఒక తెల్ల భూస్వామి కంచె లోపల దొరికాయి. ఆ కంచె వేసిన కొండ కూడా ఒకప్పుడు తన జనానిదే. తాయో కంచె కత్తిరించి ఆవులను ఇంటికి తోలుకొచ్చాడు. కలిసిన జాతి పశువు కరువుకు తట్టుకుంది, దారి మరిచిపోలేదు. సిల్కో మనిషి గురించి చెప్పదలచింది ఆవుల ద్వారా చెప్పింది.

ఇక్కడ మన భాషలోని ఒక మాట గుర్తుకొచ్చింది. సంకర విత్తనం కోసం దుకాణం ముందు వరస కడతాం. సంకరజాతి ఆవుకు సంతలో ధర ఎక్కువ. అదే మాట మనిషిని అంటే తిట్టు. వర్ణసంకరం అనే భయం కులాల నిచ్చెన ఉన్న సమాజానిది. పైమెట్టు మీద కూర్చున్నవాడికి మైలపడతానన్న భయం అది. మనకు గట్టులు ఉన్నాయి. అవి ఎవరు అన్నదమ్ములో, ఎవరితో వరస కలుస్తుందో తెలుసుకోవడానికి. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని చెప్పడానికి కాదు. చుట్టరికం తెలిపే గట్టును మనిషిని వెళ్లగొట్టే కంచెగా మారిస్తే, పరాయివాళ్ల కొలతను మన చేత్తో మనమే పట్టుకున్నట్టు.

వినేవాళ్లు ఉండాలి

రెండు రచనల ముగింపులు పక్కపక్కన పెట్టి చూశాం. మేరీ చంపింది. తాయో చంపలేదు. నవల చివర యురేనియం గని దగ్గర ఎమో అనేవాడు ఒక స్నేహితుణ్ని చిత్రహింస పెడుతుంటాడు. ఎమో పూర్తి రక్తం లగూనా. తాయోను తెల్లవాడి పుట్టుక అని ఎద్దేవా చేసేది అతనే. తాయో చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. చంపే కోపం ఉంది. అయినా ఆగిపోయాడు. చంపితే ఆ హింస కథలో తానూ ఒక పాత్ర అయిపోతానని అర్థం చేసుకున్నాడు. పూర్తి రక్తం ఉన్న ఎమో యుద్ధం నేర్పిన క్రూరత్వాన్ని ఊళ్లోకి తెచ్చాడు. సగం అనిపించుకున్న తాయో వాన కోసం, ఆవుల కోసం తిరిగాడు. ఎవరు మనవాళ్లు అనే ప్రశ్నకు సిల్కో జవాబు అది.

మేరీ చంపడం తప్పు, తాయో ఆగడం ఒప్పు అని మేం తీర్పు చెప్పడం లేదు. మేరీకి ఆ అడవిలో వేరే దారి లేదు. మమ్మల్ని ఆలోచింపజేసిన తేడా వేరే ఉంది. తాయో తిరిగి వచ్చాక ఊరి పెద్దలు అతన్ని తమ క్రతువుల గదిలోకి, కీవాలోకి పిలిచి కూర్చోబెట్టారు. ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నారు. అడ్డు ప్రశ్నలు వేశారు, విన్నారు. అతని కథ ఊరి కథలో కలిసింది. మేరీ ఊరిని పీడించిన మృగాన్ని వేటాడింది. ఒరావ్ స్త్రీల పండుగకు పాత అర్థం తిరిగి తెచ్చింది. కానీ ఆ సంగతి ఊరికి తెలియదు. ఆడవాళ్లతో కలిసి ఆడిన ఆ కాసేపే ఆమె ఒరావ్. తెల్లారేసరికి ఊళ్లో ఉండదు.

ఇక్కడ మహాశ్వేతాదేవితో మాకు ఒక పేచీ ఉంది. ఆమె మీద గౌరవం తక్కువై కాదు. పలామూ వెట్టి కూలీల కోసం తిరిగిన మనిషి ఆమె. కానీ ఈ కథలో కురుడా ఒరావ్ పెద్దలకు మాట మార్చుకునే అవకాశం ఇవ్వలేదు. పండుగ ఉంది, పాట ఉంది, ఆచారం ఉంది. ఆలోచించి మారే ఊరు లేదు. బయటి నుంచి చూసేవాళ్లకు మన ఆచారం బాగా కనిపిస్తుంది, ఆచారం మీద మనలో మనం పడే తగువు కనిపించదు. సిల్కోకు ఆ తగువు కనిపించింది. ఆమె కుటుంబంలోనే లగూనా, మెక్సికన్, తెల్ల రక్తాలు ఉన్నాయి. ఆమె రాసిన ఊరు తప్పు చేస్తుంది, గొణుగుతుంది, చివరికి వింటుంది.

హోమీ భాభా అనే విమర్శకుడు 1994లో వచ్చిన 'ది లొకేషన్ ఆఫ్ కల్చర్' పుస్తకంలో రెండు సంస్కృతులు కలిసే నడిమి చోటు గురించి, అక్కడ పుట్టే కొత్త అర్థాల గురించి రాశాడు. పెద్ద చదువుల్లో ఆ మాటకు చాలా విలువ ఉంది. బెటోనీని చూస్తే అందులో నిజముందనీ అనిపిస్తుంది. కానీ మా పాపకు ఆ నడిమి చోటు బెంచీ చివరి అంచు. నడిమి చోటు గొప్పదని చెప్పే ముందు, అక్కడ నిలబడ్డ మనిషి మాట వినేవాళ్లు ఉన్నారా అని అడగాలి. వినేవాళ్లు ఉంటే అది చోటు. లేకపోతే వెలి.

పెద్దల భయం

ఈ మాటలు మా ఊరి పెద్దల ముందు చెబితే వాళ్లు వెంటనే ఒకటి అడుగుతారు. "అయితే భూమి సంగతేంది సార్?" ఆ ప్రశ్నను దాటేసి ఈ వ్యాసం ముగిస్తే మోసం చేసినట్టే.

1959 భూ బదలాయింపు నిబంధనలను సవరించి తెచ్చిన 1/70 చట్టం, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా అడ్డుగా నిలిచింది. ఆ అడ్డును దాటడానికి కొందరు కనిపెట్టిన దొడ్డిదారి పెళ్లి. ఆదివాసీ అమ్మాయిని చేసుకుని ఆమె పేరు మీద భూమి, ఇల్లు, లైసెన్సు పెట్టి నడిపించేవాళ్లను మనం ఎరుగుదుం. పని అయ్యాక ఆ అమ్మాయిని వదిలేసినవాళ్లనూ ఎరుగుదుం. పెద్దల భయం అబద్ధం కాదు. దాన్ని వెనకబాటుతనం అని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఆ భయాన్ని ఎవరి మీద పెడుతున్నామో చూసుకోవాలి. 'శికార్' కథలో ఊరి చెట్లను దోచింది తహసీల్దార్ సింగ్. మేరీ కాదు. డిక్సన్ కొడుకు చేసిన పనికి మేరీ బాధ్యురాలు కాదు, బాధితురాలు. భూమి కోసం వచ్చినవాణ్ని నిలదీయడానికి చట్టం ఉంది, గ్రామసభ ఉంది. అతన్ని నిలదీయలేక, అతను వదిలిపోయిన పిల్లను బడిలో నిలదీస్తున్నాం. వేట గురి తప్పింది.

చట్టం కూడా ఈ ప్రశ్న దగ్గర తడబడి, చివరికి కొంత దారి చూపింది. 2012లో గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, ఆదివాసీ తల్లికీ ఇతర కులపు తండ్రికీ పుట్టిన బిడ్డ తండ్రి కులానికే చెందుతుందని యాంత్రికంగా తేల్చకూడదని చెప్పింది. తండ్రి కులమనే మొదటి ఊహ ఉన్నా అదే తుది మాట కాదు. బిడ్డ తల్లి సమాజంలో పెరిగిందా, ఆ సమాజం పడే కష్టాలు, అవమానాలు పడిందా, ఆ సమాజం తన మనిషిగా చూసిందా అన్నది ఆధారాలతో చూడాలని చెప్పింది. గమనించండి, అందులో చివరి ప్రశ్న కోర్టు జవాబు చెప్పగలిగేది కాదు. మనం చెప్పాల్సింది. మనం 'సగం' అని పిలిచిన ప్రతిసారీ ఆ పిల్లకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతున్నట్టే.

మన పని

బడి తెరిచాక మేం పెద్ద పని ఏమీ చేయలేదు. శనివారం మధ్యాహ్నం పిల్లలను చెట్టు కింద కూర్చోబెట్టి, ఇంట్లో అవ్వ దగ్గర విన్న కథ ఏదైనా కోయ భాషలో చెప్పమన్నాం. మూడో వారం ఆ పాప వంతు వచ్చింది. వాళ్ల అవ్వ చెప్పిన పొడుగాటి కథ, మధ్యలో పాట కూడా వదలకుండా చెప్పింది. గట్టు లేదని తాత మాట మోసుకొచ్చిన పిల్లవాడికి ఆ కథలో సగం కోయ మాటలు తెలియవు. "దీని అర్థం ఏంది?" అని అతను ఆ పాపనే అడిగాడు. ఆ పాప చెప్పింది. మేం మధ్యలో కల్పించుకోలేదు.

ఆ రోజుతో అంతా మారిపోయిందని రాయడం మాకు ఇష్టం లేదు. 'సగం' అనే పిలుపు అప్పుడప్పుడు ఇంకా వినిపిస్తుంది. ధ్రువపత్రం సంగతి ఇంకా తేలలేదు. గట్టు విషయం ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడాలి. ఆ మాట టీచర్లుగా మేం వాళ్ల ముందు పెట్టాం, ఇంకా పెడతాం. జట్లు పంచుకునేటప్పుడు మాత్రం ఆ పాప ఇప్పుడు చివరిదాకా మిగలడం లేదు.

తోటి ఉపాధ్యాయులకు మా విన్నపం ఒకటే. రిజిస్టరులో ఆ గడి నింపేటప్పుడు తల్లి గొంతు వినండి, నలుగురి ముందు రెట్టించి అడగకండి. బడిలో పిల్లల కథలు వినే గంట ఒకటి పెట్టండి. చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట. మిరపతోటల కాలంలో పుట్టి, తల్లి గూడెంలో పెరిగిన బిడ్డ కథ మన దగ్గర మనవాళ్లు రాసింది మాకు ఇంతవరకు చదవడానికి దొరకలేదు. మేరీ కథను బయటి మనిషి రాయాల్సి వచ్చింది, అందుకే మేరీ రైలు పట్టాల వెంట వెళ్లిపోయింది. మన మేరీ కథను మనలో ఒకరు రాయాలి. అందులో ఊరు ఆమెను పిలిచి కూర్చోబెట్టి, మొదటి నుంచి చెప్పమని అడగాలి. కథలో అడిగితే రేపు ఊళ్లో అడగడం కొంచెం తేలికవుతుంది.